పాత జీపు బేరము – ఇల్లాలి పరీక్ష

వస్త్రము కొనునపుడు నేతను, బియ్యము కొనునపుడు గింజను, నగ చేయించునపుడు బంగారపు వన్నెను పరీక్షించుట మనకు వెన్నతో బెట్టిన విద్య. కాని యింటికి మోటారు వాహనము కొను దినమున మనము వాకిట హారతి పళ్లెముతో నిలిచియుందుమే గాని బేరము జరుగు తావున నుండము. అది మగవారి పనియని యూరకుందుము. ఆ బేరమునకు వెచ్చించు ధనము మన వంటయింటి పొదుపునుండియే వచ్చును. ఆ వాహనమెక్కి కొండదారిని పోవువారు మన బిడ్డలే. కావున నీ విషయము మనమును తెలిసికొనదగినది.

పూర్వకథలను స్మరించినచో నిది స్త్రీలకు క్రొత్త విద్య కాదు. దేవాసుర యుద్ధమున దశరథుని రథమును కైకేయి నడపిన కథ మన మెరిగినదే. ఇరుసు శీల యూడగా నామె తన వ్రేలినే శీలగా నుంచెనని జనులు చెప్పుకొందురు. విరాటుని కొలువున నకులుడు అశ్వశాలను కాచెను. గుఱ్ఱపు లక్షణము లెరిగినవాడు దాని రోమముల నిగనిగలను చూచి మురిసిపోడు. పండ్లను, గిట్టలను, నడకను చూచును. నేటి యంత్రాశ్వమును కొనువారును రంగును విడిచి లోపలి యవయవములనే చూడవలెను.

మేముండునది విశాఖ మన్యమున. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని యొక చిన్న యూరిలో మా యింటివారు బడిపంతులు. తారుదారి ముగిసిన తావునుండి మా యూరికి 9 కిలోమీటర్ల మట్టిదారి. నడుమ రెండు గెడ్డలు. వేసవిలో మోటారు సైకిలు చాలును. వానలు పట్టినచో నదియు జారును. రోగులను, నిండు చూలాండ్రను డోలీ కట్టి మోసికొని పోవుట మా వైపు నేటికిని కలదు. కొన్నియేండ్ల పొదుపు 3 లక్షల రూపాయలైనపుడు మేము వాహనమును కోరుటకు కారణ మిది. క్రొత్తదాని వెల విని యాశ వదలుకొని 2023లో పాతదాని కొఱకు వెదకితిమి. ఆ వెదకులాటలో నేర్చిన సంగతులనే సోదరీమణులకు నివేదించుచున్నాము.

మొదట తేల్చుకొనవలసినది, మనకు నిజముగా జీపే కావలెనా యనునది. సామాన్యమైన కారులో ఇంజను శక్తి రెండు చక్రములకే చేరును. ఆ రెండును బురదలో జారినచో బండి కదలదు. ఫోర్ వీల్ డ్రైవు బండిలో గేరుబాక్సునకు తోడుగా ట్రాన్స్‌ఫర్ కేసు అను మరియొక పెట్టె యుండును. అది ముందు ఇరుసునకు కూడ శక్తిని పంచును. దానికి వేరుగా నొక చిన్న కడ్డీ యుండును. ఆ కడ్డీని అడుగు స్థానమునకు త్రోసినచో చక్రములు మెల్లగా తిరుగును గాని బలము హెచ్చును. నిలువుటేటవాలు నెక్కుటకును, దిగుటకును నదియే యాధారము. అయితే భాగములు హెచ్చిన కొలది మరమ్మతులు హెచ్చును, ఇంధనమును హెచ్చుగా ఖర్చగును. తారుదారిమీదనే తిరుగువారు ఇట్టి బండిని కొనుట, ఇంట పాడి లేకయే కవ్వము కొన్నట్లు.

మన దేశమున జీపు చరిత్ర 1947తో నారంభమైనది. మహీంద్రావారు విల్లీస్ జీపులను తెప్పించి కూర్చి యమ్మసాగిరి. మారుతీవారి జిప్సీ 1985 డిసెంబరులో వచ్చినది. తొలుత దాని ఇంజను 970 సి.సి.లది, 1996 నుండి 1,300 సి.సి.లది. సైన్యమున విరివిగా వాడబడిన యా బండిని 2019 నాటికి సామాన్యులకు అమ్ముట మానిరి. మహీంద్రావారి బొలెరో 2000లోను, థార్ 2010లోను వెలువడినవి. ఆకారమును చూచి భ్రమపడరాదు. జీపు రూపము దాల్చిన వానిలో పెక్కింటికి వెనుక చక్రములకు మాత్రమే శక్తి. బొలెరోలో నట్టివే హెచ్చు. పాత థార్‌లోను రెండు విధములును కలవు. చిన్న కడ్డీ యున్నదా యని లోపలికి తొంగి చూచుట మొదటి పరీక్ష.

డీజిలు జీపునకు మెల్లని నడకలో బలము హెచ్చు, ఇంధనపు ఖర్చు తక్కువ. కాని బరువెక్కువ, పాతబడిన పంపునకు మరమ్మతు వచ్చినచో చేతిలోని సొమ్ము కరగును. జిప్సీ పెట్రోలు బండి. తేలిక గనుక బురదలో కూరుకొనదు. నాలుగు చక్రములును కమానుకట్టలమీద నుండుటచే నడుమునకు సుఖమీయదు. ఎవరి దారినిబట్టి వారు నిర్ణయించుకొనవలెను.

మేము నాలుగు బండ్లను చూచితిమి. మూటిని విడిచితిమి. విడిచిన కారణములు కొన్న కారణముకంటె నుపయోగకరములు.

మొదటిది మిక్కిలి సుందరమైనది. పెద్ద టైర్లు, ముందు నాలుగు దీపములు, అద్దమువలె మెరయు ఎఱ్ఱరంగు. ఉత్తరమునుండి తెప్పించినదని చెప్పిరి. హర్యానాలోని మండి డబ్వాలి మొదలగు చోట్ల పాత జీపులను క్రొత్త రూపున దిద్దుట పెద్ద వ్యాపారము. పనివారు నేర్పరులే, చిక్కు కాగితములలో నుండును. మేము ఆర్.సి.లోని చాసిస్ సంఖ్యను బండిపై నున్న సంఖ్యతో నక్షరమక్షరము పోల్చితిమి. బండి సంఖ్య గల రేకు వేరొకచోటినుండి కోసి యతికినట్లు చుట్టును వెల్డింగు గీత కనబడినది. ఆర్.సి.లో బూడిదరంగు, బండికి ఎఱ్ఱరంగు. కర్మాగారమున నిర్ణయింపబడిన రూపమును మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టును దానినే ధ్రువపరచినది. అట్టి బండికి ప్రమాదము సంభవించినచో భీమావారు చేతులెత్తవచ్చును. నమస్కరించి వెడలివచ్చితిమి.

రెండవది డీజిలు బండి. వయస్సు 18 ఏండ్లు. మీటరు 58,000 కిలోమీటర్లు. మనకు చాకలిపద్దు వ్రాయువిద్య కలదు గనుక భాగించి చూచితిమి. ఏడాదికి 3,200 పైచిలుకు. పల్లెలకు సరకు మోసిన బండి యంత తక్కువ తిరుగునా? క్లచ్చి, బ్రేకు పెడళ్లమీది రబ్బరు అరిగి యినుము కనబడుచున్నది. స్టీరింగు చక్రము నున్నగా నరిగినది. సీటు కూలబడినది. మీటరును త్రిప్పవచ్చును గాని యరుగుదలను త్రిప్పలేరు. పాత మీటర్లలో నైదంకెలే యుండుట కూడ కలదు. 99,999 దాటగానే మరల సున్నతో మొదలగును. పైగా మేము పోవుసరికే ఇంజను వేడిగా నున్నది. చల్లని ఇంజను కష్టముగా మేలుకొనునేమో, పొగ విడుచునేమో తెలియకుండుటకై ముందుగా నడపి యుంచుట యమ్మువారి పరిపాటి. బానెటుమీద చేయి నుంచి వేడిగా నున్నచో మరునాటి యుదయము వత్తుమని చెప్పవలెను. మరునాడు చల్లగా నుండగా త్రిప్పించితిమి. నీలిపొగ వెలువడినది.

పొగను చదువుట యొక చిన్న శాస్త్రము. నీలిపొగ యన్నచో ఇంజనులోని నూనె కాలుచున్నదని యర్థము. పిస్టను రింగులో, వాల్వు సీళ్లో యరిగినవి. నల్లపొగ యన్నచో డీజిలు హెచ్చుగా బోవుచున్నది, లేదా గాలి వడపోత మూసికొనిపోయినది. ఇది చిన్న ఖర్చుతో పోవచ్చును. తెల్లపొగ చలి యుదయమున కొద్దిసేపు వచ్చి యాగినచో భయము లేదు. ఇంజను వేడెక్కినను మానకున్నచో నీరు లోపలికి చేరుచున్నదేమో యని శంకింపవలెను. అప్పుడు నూనె కొలుచు కడ్డీని తీసి చూడుడు. నూనె కాఫీ రంగు నురుగువలె నున్నచో శంక నిజమైనట్లే. నలుపు మాత్రము దోషము కాదు, డీజిలు ఇంజనులో నూనె త్వరగా నల్లబడును.

మూడవ బండి సముద్రతీరమున నుండినది. వెల 1,40,000 మాత్రమే. ఇంజను చక్కగా పలికినది. మా యింటివారు సంతోషించిరి. మేము కాళ్లక్రింది చాపను ఎత్తించితిమి. చాపక్రింద రేకు చిల్లులై నేల కనబడినది. ఉప్పుగాలి యినుమునకు చెదపురుగు వంటిది. మెకానిక్కుచే చాసిస్ దూలమును సుత్తితో మెల్లగా తట్టించితిమి. గట్టి యినుము ఖణిలుమనును. తుప్పుతిన్నది మ్రొద్దుశబ్దము చేసి పొరలు రాల్చును. కమానుకట్టలు బిగించు తావుననే యట్టి శబ్దము వచ్చినది. తలుపు రేకుపై పలుచని బట్టలో చుట్టిన అయస్కాంతమును మేము నడిపితిమి. పుట్టీ పూసినచోట నది యంటదు. అడుగున రెండు చోట్ల జారిపోయినది. ఇంజనును విప్పి బాగుచేయవచ్చును, గేరుబాక్సును మార్చవచ్చును. వెన్నెముక వంటి చాసిస్ చెడినచో నాపై పెట్టు ప్రతి రూపాయియు నీటిలో వ్రాసిన వ్రాత. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యన్న సామెత యిట్టి బేరమును చూచియే పుట్టియుండును.

నాలుగవది 2012 నాటి జిప్సీ. ఒకరి చేతిలోనే యుండినది. మీటరు 1,62,000 కిలోమీటర్లు. ఆ యంకె విని బంధువులు ముక్కున వ్రేలు వేసికొనిరి. కాని యజమాని యొక నోటుపుస్తకము చూపెను. ఏ దినమున నూనె మార్చినది, ఏ మీటరు యంకెకడ బ్రేకు షూలు వేసినది, అన్నియు రసీదులతో నుండెను. క్రమముగా పోషింపబడి లక్ష దాటిన బండి, షెడ్డులో నూరక పడియుండి యేబదివేలు తిరిగిన దానికంటె మేలు. కదలని బండిలో రబ్బరు సీళ్లు ఎండి చిట్లును, ట్యాంకులో పెట్రోలు జిగురగును, బ్రేకు గొట్టములలో తుప్పు చేరును. దోషములును ఆయనయే చెప్పెను: పైకప్పు గుడ్డ చిరిగినది, గేరుబాక్సు సీలు కారుచున్నది, కమానులు కూలబడినవి. దోషమును తానుగా చెప్పు విక్రేత దొరకుట యరుదు.

అయినను పరీక్ష మానలేదు. చదునైన దారిలో స్టీరింగు వదలగా బండి ఒక ప్రక్కకు లాగలేదు. స్టీరింగు చక్రమునకు చక్రములు కదలకుండ నుండు ఖాళీ స్వల్పమే. వేగముగా పోవునపుడు ముందు చక్రములు వణకలేదు. ఏటవాలున నాపి హాండ్ బ్రేకు వేయగా నిలిచినది. ఫోర్ వీల్ డ్రైవును తారుమీద పరీక్షింపరాదు. మలుపున ముందు వెనుక చక్రములు వేరువేరు దూరములు తిరుగవలెను. గట్టినేలపై నవి జారలేక లోపలి పండ్లు బిగిసి విరుగవచ్చును. అందుచే ఇసుకనేలకు తీసికొనిపోయి చిన్న కడ్డీని వేయించితిమి. ముందు చక్రములు ఇసుకను త్రవ్వుట కన్నులార చూచితిమి. టైర్ల ప్రక్కను నాలుగంకెల ముద్ర యుండును. 3114 అని యున్నచో 2014వ సంవత్సరమున 31వ వారమున తయారైనదని యర్థము. ఈ బండివి సరిగా నవియే. గాడులు లోతుగా నున్నను రబ్బరు పెళుసెక్కినది. నాలుగును మార్చక తప్పదని నిశ్చయించి యా సొమ్ము బేరములో తగ్గింపుమని యడిగితిమి.

2,60,000 అడిగిరి, 2,25,000లకు కుదిరినది. చేతిలోని సొమ్మంతయు వెలకే పోయువారు పిమ్మట నప్పులపాలగుదురు. నాలుగవ వంతును మొదటినుండియే వేరుగా మూటగట్టి యుంచుట మంచిది. మా లెక్క యిది: టైర్లు 24,000, ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక ఇరుసుల నూనెలు, వడపోతలు, సీలు 9,000, బ్రేకులు 8,000, కమానులు, వాని బుష్షులు 9,000, టైమింగు బెల్టు, నీటిగొట్టములు 5,000, బ్యాటరీ 5,000. మొత్తము 60,000. మిగిలిన 15,000 భీమాకును, కాగితములకును. పైకప్పు గుడ్డను మేమే సూదిదారములతో కుట్టితిమి. సీటు గుడ్డ నేటికిని మారలేదు. అలంకారమునకు పైకము మిగులలేదు. దానివలన చింతయు లేదు.

ఈ పట్టికలో బ్రేకులను ముందు చూచుకొనవలెనని మా మనవి. ఘాటుదారి దిగునపుడు ఎడతెగక బ్రేకు త్రొక్కినచో నవి కాగి పట్టుతప్పును. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును నదియే వేసి ఇంజను చేతనే వేగమును పట్టి యుంచవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన నూనె వేడికి మరిగి బుడగలగును. అప్పుడు పెడలు గాలిలో పెట్టిన కాలివలె పోవును. పాత బండి కొన్న వెంటనే దానిని మార్చి, ఆపైన రెండేండ్లకొకసారి మార్పించుట ప్రాణరక్షణ.

ఇక కాగితములు. బండి ఇల్లు చేరినంతనే పని ముగియదు. కొన్నవారు 30 దినములలోపల తమ పేర బదలాయింపునకు దరఖాస్తు చేయవలెనని చట్టము 50వ సెక్షను చెప్పుచున్నది; అందుకు 29, 30 ఫారములు. అప్పు తీర్చిన బండియైనచో 35వ ఫారముతో బ్యాంకు పేరు కొట్టివేయించవలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో 28వ ఫారముపై ఎన్.ఓ.సి. కావలెను; ఇచ్చట మరల పన్ను కట్టవలెను. ఈ పని యశ్రద్ధచేయుట అమ్మినవారికిని ప్రమాదమే. పత్రములలో నెవరి పేరున్నదో వారే యజమానియనియు, ప్రమాదపరిహారపు బాధ్యత వారిదేయనియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మనవద్ద నొక పాత బండి యుండి యమ్మినను ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. ఇతరులకు కలుగు నష్టమునకు భీమా లేకుండ బండిని దారిమీదకు తెచ్చుట 146వ సెక్షను ప్రకారము నేరము.

సొంతవాడుక బండి నమోదు 15 ఏండ్లవరకు చెల్లును. ఆపైన పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగింపించుకొనవలెను. ఆ రుసుము 600 రూపాయలుండెడిది. 2022 ఏప్రిలునుండి కార్లకు, జీపులకు 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. మా బండికి 2027లో గడువు. దానికై నెలకు కొంత సొమ్ము డబ్బాలో వేయుచున్నాము. ఢిల్లీ ప్రాంతమున 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లను నడపరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఆజ్ఞాపించినప్పటినుండి అచ్చటి బండ్లు చౌకగా నితర రాష్ట్రములకు వచ్చుచుండెను. చౌకయని యట్టిదాని నెంచుకొనువారు మనచోట నమోదు జరుగునో లేదో ఆర్.టి.ఓ. కచేరిలో ముందడిగి, పిమ్మట బయానా ఈయవలెను. బండి సంఖ్య నిచ్చి పరివాహన్ వెబ్‌సైటులో చూచినచో నమోదు గడువు, భీమా, కట్టవలసిన జరిమానాలు తెలియును. చేతిలో సెల్‌ఫోను గల యిల్లాలికి గడియసేపు పని.

ఇంత చేసి కొన్నది ఎట్లుపయోగపడినదని మీరడుగవచ్చును. లీటరు పెట్రోలునకు 10 కిలోమీటర్లు, వానకాలపు మట్టిదారిలో 7, 8. ఇది చౌక కాదు. పోయిన శ్రావణమున నొక సాయంకాలము గెడ్డకవతల నొక చూలాలికి నొప్పులు వచ్చినవని కబురు వచ్చెను. బండితో గెడ్డకడకు పోవునప్పటికి నీరు ఎఱ్ఱనై పొంగుచుండెను. ఫోర్ వీల్ డ్రైవు కలదు గదా దింపుడని కొందరు తొందరపెట్టిరి. బండి ఎంతటిదైనను పారు నీటిబలమునకు లోబడును; అడుగు కనబడని నీటిలో దింపరాదు. మా యింటివారు దింపలేదు. ఎగువనున్న కాలివంతెనమీదుగా నామెను డోలీలో నీవలకు తెచ్చిరి. అచ్చటినుండి 9 కిలోమీటర్లును చిన్న కడ్డీని అడుగునకు వేసి, రెండవ గేరు దాటక, గంటసేపు నడపిరి. ఆమె తల మా యొడిలో నుండెను. ఒక్కచోటను బండి నిలిచిపోలేదు. ఆసుపత్రిలో అర్ధరాత్రి ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమము. క్రొత్త టైర్లకైన 24,000 రూపాయల విలువ ఆ దారిలో మాకు తెలిసినది.

సోదరీమణులారా! బేరమునకు పోవునపుడు మీరును పొండు. అమ్ముకొనువానితో వాడని మెకానిక్కును వెంట దీసికొని పొండు. ఆయన కూలి 500 యైనను వేయియైనను తగ్గింపకుడు. వెంట నొక టార్చిలైటు, చిన్న అయస్కాంతము, తెల్లగుడ్డ, కాగితము, కలము నుంచుకొనుడు. ఆ దినముననే బయానా ఇమ్మని తొందరపెట్టువాని యింట మంచినీరు మాత్రము త్రాగి రండు. కొన్న పిమ్మట పాలపద్దు వ్రాయునట్లే బండిపద్దు వ్రాయుడు. ఏ నెలలో నెంత నూనె తగ్గినదో ఆ పద్దే ముందుగా హెచ్చరించును. చక్రము విప్పి మార్చుట నేర్చుకొనుడు. మా జిప్సీ చక్రమును మేము ఇరువది నిమిషములలో మార్చగలము. ఈ వేసవిలో నడపుటయు నేర్చుకొనుచున్నాము.